ఖాళీ ట్యాంకు నిజంగా ఖాళీయేనా? – ఇంధన వ్యవస్థ విడిభాగాల వర్గీకరణ, ప్యాకింగు

కోల్‌కతా నగరానికి తూర్పున, విమానాశ్రయానికి చేరువలో న్యూ టౌన్ ఉంది. ఒకప్పటి రాజార్‌హాట్ పొలాల మధ్య, 1999లో ఏర్పడిన హిడ్కో సంస్థ ఆధ్వర్యంలో రూపుదిద్దుకున్న కొత్త పట్టణమిది. మీరు అక్కడ ఉద్యోగం చేస్తూ ఉన్నారనుకోండి. ఒక పాత స్కూటరు కార్బ్యురేటరు, దాని పెట్రోలు ట్యాంకు, కారు నుంచి ఊడదీసిన కరెంటు ఫ్యూయల్ పంపు, ఒక డీజిల్ ఇంజెక్టరు – ఈ నాలుగింటినీ బాగుచేయించడానికి విజయవాడ ఆటోనగర్‌లో మీకు తెలిసిన మెకానిక్కుకు పంపాలి. అట్టపెట్టెలో సర్ది పార్సిల్ ఆఫీసుకు తీసుకువెళ్లారు. కౌంటరులోని గుమాస్తా "లోపల ఏమున్నాయి?" అని అడిగాడు. "పాత స్పేర్ పార్టులండీ, అన్నీ ఖాళీవే" అని మీరు జవాబిచ్చారు.

మీ జవాబులో అబద్ధం లేదు. కాని ఆ జవాబు సరిపోదు. ఎందుకు సరిపోదో, సరైన జవాబు ఎలా ఉండాలో, ఆ జవాబుకు తగినట్లు పెట్టె ఎలా కట్టాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఒకే వస్తువుకు రెండు వర్గీకరణలు

ఇంజనుకు ఇంధనం చేరే దారిని ఒకసారి గుర్తుచేసుకోండి. ట్యాంకులో నిలవ ఉన్న ఇంధనం గొట్టం గుండా ఫిల్టరుకు, అక్కడి నుంచి పంపుకు, ఆ తరువాత కార్బ్యురేటరుకో ఇంజెక్టరుకో చేరుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలులోకి రావడంతో కొత్త ద్విచక్ర వాహనాలలో కార్బ్యురేటరు స్థానాన్ని ఇంజెక్టరు ఆక్రమించింది. అయినా పాత బండ్లు లక్షల సంఖ్యలో తిరుగుతూనే ఉన్నాయి కాబట్టి రెండు రకాల భాగాలూ నేడు పార్సిళ్లలో ప్రయాణిస్తున్నాయి.

ఈ భాగాలను రవాణాకు ఇచ్చేటప్పుడు రెండు వేరువేరు పద్ధతులలో వర్గీకరిస్తారు.

మొదటిది వ్యాపార వర్గీకరణ. పన్నులకూ, కస్టమ్సుకూ ఉపయోగపడే హెచ్.ఎస్.ఎన్. సంఖ్య ఇది. ఇంజను భాగమైన కార్బ్యురేటరు 8409 శీర్షిక కిందికి వస్తుంది. ఇంధన పంపు 8413 కిందికి, ఫిల్టరు 8421 కిందికి వస్తాయి. కారు ట్యాంకు 8708లోనూ, స్కూటరు ట్యాంకు 8714లోనూ చేరతాయి. రబ్బరు గొట్టాలది 4009. ఒకే వ్యవస్థకు చెందిన భాగాలు ఇన్ని చోట్ల చెదిరిపోవడం వింతగా తోచవచ్చు. ఆ పట్టిక వస్తువు చేసే పనినీ, అది తయారైన పదార్థాన్నీ చూస్తుంది తప్ప అది ఏ బండిలో ఏ మూల బిగించి ఉంటుందో ప్రధానంగా చూడదు.

రెండవది ప్రమాద వర్గీకరణ. ఐక్యరాజ్య సమితి నిపుణులు ప్రమాదకర పదార్థాలను తొమ్మిది తరగతులుగా విభజించి, ఒక్కొక్క పదార్థానికి నాలుగంకెల సంఖ్య ఇచ్చారు. మండే ద్రవాలది 3వ తరగతి. అందులో పెట్రోలు సంఖ్య 1203, డీజిల్ సంఖ్య 1202. రోడ్డు మీద వెళ్లే ట్యాంకర్ల వెనుక పలక మీద ఈ అంకెలను మీరు చూసే ఉంటారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన భేదాన్ని గమనించండి. దుకాణంలో కొన్న కొత్త కార్బ్యురేటరుకూ, పదేళ్లు వాడిన కార్బ్యురేటరుకూ హెచ్.ఎస్.ఎన్. సంఖ్య ఒక్కటే. ప్రమాద తరగతి మాత్రం ఒక్కటి కాదు. కొత్తది లోహపు ముక్క. దానికి ప్రమాద తరగతే లేదు. పాతదానిలో పెట్రోలు మిగిలి ఉంటే అది ప్రమాదకర వస్తువు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. బిల్లు మీద రాసే పేరూ ఒక్కటే. తేడా అంతా లోపల మిగిలిన చుక్కలలో ఉంది.

చెంచాడు పెట్రోలు లెక్క

"చుక్కలకే ఇంత భయమా?" అని మీరు అడగవచ్చు. లెక్క వేసి చూద్దాం.

ఒక ద్రవం మీది ఆవిరి, నిప్పు చూపితే గుప్పున అంటుకునేందుకు సరిపడేంతగా చేరే కనిష్ఠ ఉష్ణోగ్రతను ఫ్లాష్ పాయింట్ అంటారు. పెట్రోలుకు ఇది సున్నాకు దాదాపు 40 డిగ్రీల సెల్సియస్ దిగువన ఉంటుంది. అంటే మన దేశంలో ఏ ఊళ్లోనైనా, ఏ కాలంలోనైనా పెట్రోలు మండే ఆవిరిని వదులుతూనే ఉంటుంది.

అయితే ఆవిరి ఎంత ఉన్నా మండుతుందా? మండదు. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 శాతానికీ 7.6 శాతానికీ మధ్య ఉన్నప్పుడే మంట పాకుతుంది. అంతకంటె తక్కువైతే ఇంధనం చాలదు; ఎక్కువైతే ఆక్సిజన్ చాలదు.

ఇప్పుడు మీ అట్టపెట్టె కొలతలు తీసుకోండి. 50 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 30 ఎత్తు. దాని ఘనపరిమాణం 60 లీటర్లు. కార్బ్యురేటరు అడుగున ఫ్లోట్ గిన్నెలో ఒక చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్ల పెట్రోలు మిగిలిందనుకుందాం. దాని బరువు దాదాపు 3.7 గ్రాములు. పెట్రోలు అనేక పదార్థాల మిశ్రమం కాబట్టి సగటు అణుభారం 100 అని తీసుకుంటే ఇది 0.037 మోల్. గది ఉష్ణోగ్రత వద్ద ఒక మోల్ వాయువు సుమారు 25 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. కాబట్టి ఆ చెంచాడు పెట్రోలు ఆవిరైతే దాదాపు 0.92 లీటర్లు అవుతుంది. 60 లీటర్లలో 0.92 లీటర్లంటే 1.5 శాతం!

మండే కనిష్ఠ హద్దు 1.4 శాతమని చెప్పుకున్నాం. అంటే చెంచాడు పెట్రోలు పెట్టెడు గాలిని మండే మిశ్రమంగా మార్చగలదు. పైగా పెట్రోలు ఆవిరి గాలి కంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. అది పెట్టెలో సమానంగా పరుచుకోదు; అడుగున పేరుకుంటుంది, సందుల్లోంచి జారి లారీ నేల మీద, పార్సిల్ బోగీ నేల మీద పాకుతుంది. ఆ పాకిన చోట ఒక స్విచ్చి రవ్వో, ఆర్పని బీడీ ముక్కో ఉంటే చాలు.

ట్యాంకు సంగతి ఇంకా విచిత్రం. నిండు ట్యాంకులో ద్రవం పైన మిగిలిన కాస్త చోటులో ఆవిరి ఎంత చిక్కగా ఉంటుందంటే, 7.6 శాతం హద్దును ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ట్యాంకును వంచి పెట్రోలు పారబోసిన తరువాత గాలి లోపలికి వస్తుంది. గోడలకు అంటిన పొర ఆవిరవుతుంది. ఆ మిశ్రమం పలచబడుతూ పలచబడుతూ సరిగ్గా మండే హద్దుల మధ్యకు దిగుతుంది. ఖాళీ ట్యాంకరుకు వెల్డింగు చేస్తుండగా పేలుడు జరిగిందని పత్రికల్లో వచ్చే వార్తలకు కారణం ఇదే. ద్రవం పోయినంత మాత్రాన ట్యాంకు ఖాళీ అయినట్లు కాదు.

మరి డీజిల్ సంగతి? డీజిల్ అంత త్వరగా ఆవిరి కాదు కాబట్టి దానికి భయం లేదనుకునేవారు చాలామంది. మన దేశపు ప్రమాణం ప్రకారం డీజిల్ ఫ్లాష్ పాయింట్ కనీసం 35 డిగ్రీలు ఉండాలి. మే నెలలో కోస్తా రోడ్డు మీద మూసిన లారీ లోపలి వేడి ఆ 35ను సులువుగా దాటుతుంది. ఐక్యరాజ్య సమితి పట్టికలో 60 డిగ్రీల లోపు ఫ్లాష్ పాయింట్ గల ద్రవాలన్నీ 3వ తరగతిలో చేరడానికి కారణం ఇటువంటి పరిస్థితులే.

ఒక్క మాట ఖరీదు

పార్సిలు కాగితం మీద "ఖాళీ" అనే మాట ఎంత ప్రమాదం తేగలదో లోకానికి తెలియజేసిన సంఘటన ఒకటి ఉంది. 1996 మే 11న అమెరికాలోని మయామీ నుంచి అట్లాంటాకు బయలుదేరిన వాల్యూజెట్ 592 విమానం కొద్ది నిమిషాలకే మంటలు చెలరేగి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలో కూలిపోయింది. అందులోని 110 మందీ మరణించారు.

విమానం సరుకు గదిలో ఐదు అట్టపెట్టెలు ఉన్నాయి. వాటిలో వేరే విమానాల నుంచి ఊడదీసిన, కాలం చెల్లిన ఆక్సిజన్ జనరేటర్లు ఉన్నాయి. కాలం చెల్లినవే గాని, ఖర్చైపోయినవి కావు. లోపలి రసాయనం అలాగే ఉంది. అవి పొరపాటున పనిచేయకుండా ఆపే ప్లాస్టిక్ టోపీలు తొడగలేదు. కాగితం మీద మాత్రం ఖాళీ డబ్బాలని రాశారు. పెట్టెలను కట్టినవారు, కాగితం రాసినవారు, విమానంలోకి ఎక్కించినవారు వేరువేరు మనుషులు. ఒకరు రాసిన మాటను తరువాతివారు నమ్మారు.

అవి ఇంధన భాగాలు కావు. కాని పాఠం మనకూ వర్తిస్తుంది. యంత్రంలోంచి ఊడదీసిన పాత భాగం "పనికిరానిది" కావచ్చు. అంతమాత్రాన "ప్రమాదం లేనిది" కాదు. పెట్టె మూసిన తరువాత లోపలి సంగతి తెలిసినవారు లోకంలో ఒక్కరే – దాన్ని కట్టినవారు.

ఏ తరగతిలో చేర్చాలి?

మీ ముందున్న ప్రతి భాగానికీ మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: ఇందులో ఎప్పుడైనా ఇంధనం నిలిచిందా? నిలవకపోతే, అంటే అది పెట్టె విప్పని కొత్త భాగమైతే, మామూలు సరుకుగా పంపవచ్చు.

రెండు: వాడినదైతే, దాన్ని వంచి తీయడమే కాక, కడిగి, ఆవిరి కూడా పోయేటట్లు శుభ్రం చేశారా? చేసి ఉంటే, ఎవరు, ఎప్పుడు, ఎలా చేశారో ఒక కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. ఆ కాగితాన్ని పార్సిల్ ఆఫీసులో చూపండి. ట్యాంకు వంటి పెద్ద భాగాలకు ఇదే మంచి మార్గం.

మూడు: వంచి తీసినా కాస్త ఇంధనం మిగిలే అవకాశం ఉందా? కార్బ్యురేటరు సన్నని దారులలో, పంపు లోపలి గదులలో ఎంత వంచినా కొంత మిగులుతుంది. అలాంటప్పుడు విమాన రవాణాలో దాన్ని "పరికరాలలోని ప్రమాదకర వస్తువులు" అనే శీర్షిక కింద, 3363 సంఖ్యతో, 9వ తరగతిగా చూపుతారు. తెల్లని వజ్రాకారపు చీటీలో పై సగాన నల్లని నిలువు చారలు ఉంటే అది 9వ తరగతి గుర్తు. ఇక ట్యాంకులో పెట్రోలు పోసి ఉంచి పంపడమంటే, అది విడిభాగం పంపడం కాదు, పెట్రోలు పంపడమే. ఆ పని తలపెట్టవద్దు.

ఇంధనం మిగిలే భాగాల గురించి అంతర్జాతీయ విమాన రవాణా నిబంధనలు చెప్పేది క్లుప్తంగా ఇది: సాధ్యమైనంతవరకు ఇంధనం తీసివేయాలి, రంధ్రాలన్నీ గట్టిగా మూయాలి, మిగిలి ఉండగల ద్రవాన్నంతా పీల్చుకునే పదార్థం చుట్టూ పెట్టాలి, కారితే బయటికి రాని సంచిలో ఉంచాలి, ఆపైన బలమైన పెట్టె ఉండాలి. లారీకైనా రైలుకైనా ఈ వరుసనే పాటించడం తెలివైన పని.

ప్యాకింగు – అంచెలంచెలుగా

ముందుగా ఇంధనం తీయడం. ఇంట్లో, వంటగది దగ్గర, మూసిన గ్యారేజీలో ఈ పని చేయరాదు. ఆరుబయట, నీడలో, నిప్పుకూ స్విచ్చులకూ దూరంగా చేయాలి. కార్బ్యురేటరు ఫ్లోట్ గిన్నె అడుగున ఉండే స్క్రూ విప్పి, లోహపు డబ్బాలోకి కారనివ్వాలి. పంపులో మిగిలినది పోతుందని దానికి కరెంటు ఇచ్చి తిప్పకండి. వంచి, తిప్పి కార్చండి. తీసిన పెట్రోలును కాలువలో పోయకుండా మెకానిక్కుకు అప్పగించండి.

రెండవది కడగడం. మన మెకానిక్కులు పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో కడగడం రివాజు. యంత్రానికి అది మేలే. కాని రవాణా దృష్టితో చూస్తే ఒక మండే ద్రవం స్థానంలో మరొక మండే ద్రవాన్ని పెట్టినట్లే. అలా కడిగిన భాగాన్ని గాలి బాగా ఆడే చోట మూతలు తీసి పూర్తిగా ఆరనివ్వాలి. వాసన వస్తోందంటే ఆవిరి ఉన్నట్లే. వాసన రానంత మాత్రాన లేదని మాత్రం తేల్చవద్దు. అగ్గిపుల్ల గీసి పరీక్షించే సాహసం ఎన్నడూ చేయవద్దు.

మూడవది మూతలు. రంధ్రాలకు కేవలం టేపు అంటిస్తే చాలదు. ఎందుకో చూడండి. ఎగిరే విమానం లోపలి గాలి పీడనం నేల మీది పీడనంలో దాదాపు మూడు వంతులకు తగ్గుతుంది. నేల మీద మూసిన ట్యాంకు లోపలి గాలి అప్పుడు మూతను బయటికి నెడుతుంది. తేడా 25 కిలోపాస్కల్ అనుకుంటే, 2 సెంటీమీటర్ల వ్యాసం గల రంధ్రపు మూత మీద పడే బలం సుమారు 800 గ్రాముల బరువుకు సమానం. పెట్రోలు తగిలి జిగురు మెత్తబడిన టేపు దీన్ని గంటల తరబడి ఆపలేదు. మరతో బిగించే మూత గాని, క్లిప్పు వేసిన రబ్బరు బిరడా గాని వాడాలి.

డీజిల్ ఇంజెక్టరుకు మూత మరింత ముఖ్యం. లోపలి సూదికీ దాని గూటికీ మధ్య ఖాళీ కొద్ది మైక్రాన్లు మాత్రమే. మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. దారిలో చేరిన ఒక ఇసుక రేణువు చాలు, ఇంజెక్టరు పనికిరాకుండా పోవడానికి.

నాలుగవది సంచీ, పీల్చే పదార్థం. ఒక్కొక్క భాగాన్ని దూదిలోనో, ద్రవం పీల్చే మెత్తలోనో చుట్టి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించండి. దానిని మరొక సంచిలో ఉంచండి. పాత పత్రికలు కొంత పీల్చుకున్నా నలిగి చోటు వదులుతాయి, వాటిమీదే ఆధారపడకండి. శుభ్రం చేసి ఆరబెట్టిన లోహపు భాగాలకు వేరే సమస్య ఉంది. బెంగాల్ నుంచి ఆంధ్ర కోస్తా దాకా దారి పొడవునా గాలిలో తేమ ఎక్కువ. నూనె పొర కూడా పోయిన ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది. తుప్పు నిరోధక కాగితం చుట్టి, సిలికా జెల్ పొట్లం ఒకటి సంచిలో వేయండి.

ఐదవది బయటి పెట్టె. ఐదు పొరల అట్టపెట్టె తీసుకోండి. భాగాలు ఒకదానికొకటి తగలకుండా మధ్యన అడ్డలు పెట్టండి. ఇంధనం మిగిలి ఉండగల భాగాన్ని నిలువుగా ఉంచి, పెట్టెకు ఎదురెదురుగా రెండు పక్కల పైకి చూపే బాణాలు అంటించండి. పెట్రోలు వంటి ద్రవాలకు వాడే పెట్టెలను 1.2 మీటర్ల ఎత్తు నుంచి పడవేసి పరీక్షిస్తారు. అది కూలీ నడుము కంటె కాస్త ఎత్తు. పార్సిలు చేయి జారేది దాదాపు అంత ఎత్తు నుంచే కదా!

పెట్టె పెద్దదైతే ఖర్చు

పెట్టె కొలతలు డబ్బును కూడా నిర్ణయిస్తాయి. విమాన సరుకులో సాధారణంగా 6,000 ఘన సెంటీమీటర్లను ఒక కిలోగా లెక్కిస్తారు. మన పెట్టె 60,000 ఘన సెంటీమీటర్లు, అంటే 10 కిలోలు. లోపలి ట్యాంకు, మిగిలిన సామాను కలిపి అసలు బరువు 6 కిలోలే అయినా 10 కిలోలకు కిరాయి కట్టాలి. అలాగని పెట్టె చిన్నది చేయడానికి మెత్తలు తీసివేయకండి. ట్యాంకును వేరే పెట్టెలో రోడ్డు మార్గాన, చిన్న భాగాలను ఒక పెట్టెలో పంపితే ఖర్చూ తగ్గుతుంది, ప్రమాదమూ విడిపోతుంది.

దారిలో చట్టం

న్యూ టౌన్ నుంచి విజయవాడకు మూడు దారులున్నాయి. రోడ్డయితే డాన్‌కుని దగ్గర మొదలయ్యే 16వ జాతీయ రహదారి, తెలుగు రైల్వే కుటుంబాలకు తరతరాల నివాసమైన ఖరగ్‌పూర్ మీదుగా, భువనేశ్వర్, విశాఖపట్నం దాటి వస్తుంది. రైలయితే హౌరా నుంచి దాదాపు 1,230 కిలోమీటర్లు. విమానమయితే దమ్‌దమ్ నుంచి.

రోడ్డు రవాణాకు 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు ఉన్నాయి. ప్రమాదకర సరుకు గురించిన పూర్తి సమాచారం రవాణాదారుకు ఇవ్వవలసిన బాధ్యతను అవి పంపేవారి మీదే పెట్టాయి. రైలు విషయంలో 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం, ప్రమాదకర సరుకును చెప్పకుండా ఎక్కించడం మూడేళ్ల దాకా జైలు శిక్ష పడగల నేరం. రైలులో బండిని పార్సిల్ చేసేటప్పుడు పెట్రోలంతా తీయించేది ఈ జాగ్రత్త కోసమే. విమాన రవాణాకు 2003లో ప్రత్యేక నియమాలు వచ్చాయి. ఇంధనం మిగిలిన భాగాలకు శిక్షణ పొందినవారి చేతనే పత్రాలు తయారు చేయించాలి.

మీరు లారీకని ఇచ్చిన పార్సిలును కొరియరు సంస్థ త్వరగా చేర్చాలని విమానంలో వేయవచ్చు. ఆ సంగతి మీకు తెలియకపోవచ్చు. అందుకే అన్నింటికంటె కఠినమైన దారికి తగినట్లు పెట్టె కట్టడం, కాగితం రాయడం మంచిది.

ఇప్పుడు కౌంటరు దగ్గరి ప్రశ్నకు సరైన జవాబు ఎలా ఉంటుందో చూడండి: "వాడిన కార్బ్యురేటరు ఒకటి, ఫ్యూయల్ పంపు ఒకటి, డీజిల్ ఇంజెక్టరు ఒకటి. ఇంధనం తీసివేశాం, మూతలు బిగించాం, కొద్దిగా మిగిలి ఉండవచ్చు. ట్యాంకును కడిగించి ఆరబెట్టించాం; ఇదిగో కాగితం." దీన్ని విని గుమాస్తా పార్సిలు తీసుకోనని చెప్పవచ్చు. అప్పుడు మీకు ఒక పూట వృథా అవుతుంది, వేరే రవాణాదారును వెతుక్కోవాలి. అయినా ఆ జవాబే చెప్పండి. ఆ పెట్టెను మోసే కూలీకి, దాని పక్కన రాత్రంతా కూర్చునే లారీ క్లీనరుకు లోపలి సంగతి తెలిసే మార్గం మీ మాట తప్ప మరొకటి లేదు.

మీరే చేసి చూడండి

1. ఒక పెట్టె కొలతలు 40, 30, 25 సెంటీమీటర్లు. అందులో ఎన్ని మిల్లీలీటర్ల పెట్రోలు ఆవిరైతే మండే కనిష్ఠ హద్దు చేరుతుంది?

2. మీ ఊరి మెకానిక్కు షెడ్డులో ఉన్న ఇంధన భాగాలలో ఏవి మామూలు సరుకు, ఏవి కావు? కారణాలతో పట్టిక తయారు చేయండి.